నెట్‌వర్కు పరీక్షకు ఏ పుస్తకములు కొనవలెను?

బియ్యము కొనునప్పుడు మనము గుప్పెడు గింజలు అరచేత పోసికొని, ఊది, వాసన చూచి, రెండు పలుకులు పంట నలిపి గాని బేరమునకు దిగము. చీర కొనునప్పుడు మడత విప్పి కొంగు చూడని స్త్రీ లేదు. ఇంతటి నేర్పు గల గృహిణులే చదువుకొనుటకు పుస్తకము కావలసివచ్చునప్పటికి అంగడివాడు ముందు పెట్టినదో, పొరుగింటి కుఱ్ఱవాడు చెప్పినదో, ప్రకటనలో పెద్ద యక్షరములతో కనబడినదో తెచ్చుకొనుచున్నారు. కొన్ని చదువులకు ఇందువలన గొప్ప నష్టము లేకపోవచ్చును. కాని కంప్యూటరు నెట్‌వర్కు పరీక్షకు కూర్చుండదలచిన వారికి ఈ అజాగ్రత్త మిక్కిలి చేటు. ఆ పరీక్ష రుసుమే పాతిక వేల రూపాయలకు మించినది. తప్పినచో మరల పూర్తిగా చెల్లింపవలెను. ఇంటిలో మగపిల్లవాడు తప్పినయెడల ‘మరల వ్రాయుము’ అందురు. కోడలు తప్పినయెడల ‘ఇక చాలును’ అందురు. కావున స్త్రీకి మొదటి ప్రయత్నమే తుది ప్రయత్నమగుట కలదు. ఆ భయమే నాచేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నది.

మన విశాఖపట్టణమున ఈ విద్యపై మక్కువ కలుగుట సహజమే. 1933లో రేవు తెరువబడినది మొదలు ఈ యూరు ఓడల రాకపోకలను నమ్ముకొని పెరిగినది. 1971 జనవరి 20న శ్రీమతి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమైనది. అందలి మూడు బ్లాస్టు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని స్త్రీల పేర్లే పెట్టిరి. నేడు పెద్ద రేవులలో గాని, ఉక్కు కర్మాగారములలో గాని కంప్యూటర్లు ఒకదానితో నొకటి మాటలాడుకొననిదే పని సాగదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడిన పిమ్మట కొన్ని దినములు ఈ పట్టణమున ఫోనులు మూగవోయెను. పరదేశమందున్న బిడ్డకు ‘మేము క్షేమము’ అను రెండు మాటలు చేరవేయలేక తల్లులెంత తల్లడిల్లిరో మనమెరుగుదుము. ఆ తీగలను, ఆ యంత్రములను కనిపెట్టి చూచువారి పని యెట్టిదో నాడు తెలిసినది.

ఇప్పుడు 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థవారు 5 సంవత్సరములలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి ఇచ్చట గొప్ప డేటా కేంద్రమును నెలకొల్పుదుమనియు, సముద్రగర్భపు కేబుళ్లు ఈ తీరమున ఒడ్డెక్కునట్లు చేయుదుమనియు ప్రకటించిరి. ఆ మాట వెలువడినంతనే ఉద్యోగములు ఇంటింటికి వచ్చి తలుపు తట్టునని నేను చెప్పజాలను. కాని ఇట్టి ప్రకటనల వెనుకనే పరీక్ష పుస్తకములమ్మువారును, ‘నెలలో ప్యాసు’ అని గోడలకు కాగితములంటించువారును బయలుదేరుదురనుట మాత్రము నిశ్చయము.

పుస్తకము మాట యెత్తుటకు ముందు పరీక్ష యేదియో తేల్చుకొనవలెను. ఈ విద్యలో తొలిమెట్టుగా చెప్పదగినవి రెండు. ఒకటి కాంప్టియా వారి నెట్‌వర్క్ ప్లస్. ఇది ఏ యొక్క కంపెనీ యంత్రములకును కట్టుబడక సాధారణ జ్ఞానమును పరీక్షించును. రెండవది సిస్కో వారి సి.సి.ఎన్.ఏ.; ఇది సిస్కో యంత్రములపై చేయి తిరిగినదా లేదా యనియు చూచును. మన దేశమున ఉద్యోగమిచ్చువారి నోట తరచుగా వినబడునది రెండవదే. కనుక ఇందు దానిని గూర్చియే చెప్పెదను. రెంటికిని పనికివచ్చునని చెప్పి అమ్మెడి పుస్తకము సాధారణముగ రెంటికిని చాలదు.

సిస్కో సంస్థను 1984లో లెనార్డ్ బొసాక్, శాండీ లెర్నర్ అను దంపతులు స్థాపించిరని మన చదువరులలో ఎందరికి తెలియునో! ఇంతటి సంస్థ పుట్టుకలో ఇల్లాలి చేయి సగముండినది. అట్టి సంస్థ పెట్టు పరీక్ష మగవారి సొత్తని యనుకొనుటకు హేతువు లేదు.

ఈ పరీక్షకు 200-301 అని గుర్తు. 2020 ఫిబ్రవరి 24 నుండి అమలులో నున్నది; 2024 ఆగస్టులో కొన్ని మార్పులు చేసి 1.1 అని సంఖ్య వేసిరి. కాలము 120 నిమిషములు. ఒక ప్రశ్నకు జవాబిచ్చి ముందుకు సాగిన పిమ్మట వెనుకకు మరలి దిద్దుకొను వీలు లేదు. ఎన్ని మార్కులకు కృతార్థులగుదురో సంస్థవారు ప్రకటింపరు. కూర్చుండుటకు డిగ్రీ గాని, పూర్వానుభవము గాని అక్కరలేదు. ఇది గృహిణులకు గొప్ప సదుపాయము.

ఇక అన్నింటికంటె ముందు చేతికి తీసికొనవలసినది పుస్తకము కాదు. సిస్కో వారు ఉచితముగ నిచ్చు పాఠ్యాంశముల పట్టిక. కొన్ని పుటలే యుండును. దానిని కాగితముపై అచ్చువేయించి, వంటయింటి గోడకు క్యాలెండరు ప్రక్కన తగిలించుకొన్నను తప్పులేదు. అందు ఆరు భాగములు గలవు: నెట్‌వర్కు మూలాంశములు నూటికి 20, స్విచ్చిలును వైర్‌లెస్సును చేరిన భాగము 20, ఐ.పీ. మార్గముల భాగము 25, ఐ.పీ. సేవలు 10, భద్రత 15, యంత్రములను ప్రోగ్రాములచే నడిపించు ఆటోమేషన్ 10. ఏ పుస్తకము నాలుగింట నొక పాలు గల మార్గముల భాగమును ఇరువది పుటలలో ముగించి, పదిపాళ్ళ భాగమునకు నూరు పుటలు కేటాయించునో ఆ పుస్తకకర్త ఈ పట్టికను సరిగా చూడలేదని గ్రహింపవచ్చును.

అయితే ఆ పట్టికలో పాళ్ళకంటె విలువైనది వేరొకటి కలదు. దానిని పెక్కుమంది గమనింపరు. ప్రతి వాక్యము మొదటను ఒక క్రియ యుండును. కొన్నిచోట్ల ‘వివరింపుము’ అని, కొన్నిచోట్ల ‘వర్ణింపుము’ అని, కొన్నిచోట్ల ‘అమర్చి సరిచూడుము’ అని. డి.ఎన్.ఎస్. యొక్క పని యేమో వివరింపుమన్నచో చదివి అర్థము చేసికొన్న చాలును. వీలాన్‌లను గాని, ఓ.ఎస్.పి.ఎఫ్. అను మార్గనిర్ణయ పద్ధతిని గాని అమర్చి సరిచూడుమన్నప్పుడు చదువు చాలదు; చేయి కదలవలెను. ఆవకాయ పెట్టు విధానమును కంఠస్థము చేసిన కోడలికి ఆవకాయ వచ్చినట్లు కాదు గదా! కావున ఎఱ్ఱ పెన్సిలు పుచ్చుకొని ‘అమర్చి సరిచూడుము’ అని యున్న వాక్యములన్నింటి క్రింద గీతలు గీయుడు. ఆ గీతలే మీరు కొనవలసిన వానిని నిర్ణయించును. గీత లేని వాక్యములకు పుస్తకము. గీత యున్న వాక్యములకు పుస్తకమును అభ్యాసయంత్రమును. పట్టికలో ఏ వాక్యమునకు ఉపకరించునో చూపలేని సామగ్రి యెంత చవుకగా వచ్చినను మనకు బరువే.

ప్రధాన పుస్తకము ఒకటి చాలును. అధికారికముగ సిస్కో ప్రెస్ ప్రచురించునది వెండెల్ ఓడమ్ వ్రాసిన రెండు సంపుటముల గ్రంథము, 1.1 పరీక్షకు తగినట్లు 2024లో రెండవ కూర్పు వెలువడినది. లావైన పుస్తకములే. చూడగానే గుండె జారును. కాని ప్రతి అధ్యాయమునకు ముందు ‘ఇది నీకు ముందే తెలియునా?’ యని కొన్ని ప్రశ్నలు వేసి, తెలిసినదానిని తొందరగా దాటుటకు, తెలియనిదానివద్ద నిలుచుటకు దారి చూపును. అక్కడక్కడ విడిచి విడిచి చదువుకొనవలసిన గృహిణికి ఇది యెంతయు అనుకూలము. టాడ్ లామిల్ అనునాతని పుస్తకము కూడ బహుకాలముగ ప్రసిద్ధిలో నున్నది. శైలి కొంత సరదాగా నుండును. ఏది కొనినను ఒకటియే కొనుడు. రెండు కొన్నవారు మొదటిదానిలో కష్టమైన అధ్యాయము తగులగానే రెండవదానిని తెరతురు. అందును అదే కష్టము తగులును. అంతట మూడవదాని కొరకు వెదకుదురు. పుస్తకములు పెరుగును, చదువు మాత్రము మూడవ అధ్యాయమున నిలిచిపోవును.

కొనుటకు ముందు బియ్యపు గింజ నలిపినట్లు పుస్తకమును నలిపిచూచు విధానమొకటి కలదు. మీకు అనువైన గ్రంథాలయమునకు పొండు. ద్వారకానగరులో పౌరగ్రంథాలయము కలదు, విశ్వవిద్యాలయపు విద్యార్థినులకు డాక్టరు వి.ఎస్. కృష్ణా గ్రంథాలయము కలదు. పుస్తకము దొరకునేమో యడుగుడు. లేనియెడల స్నేహితురాలి యొద్ద ఎరువు తెచ్చుకొనుడు. సబ్‌నెట్టింగు అను అధ్యాయమును తెరువుడు. అరగంట చదివి, పుస్తకము మూసి, ఒక లెక్క చేసి చూడుడు. చేయగలిగితిరా, ఆ రచయిత మీకు గురువు. చేయలేకపోతిరా, మరునాడు మరియొక అరగంట చూడుడు. అప్పటికిని కానిచో ఆ పుస్తకము మంచిదే కావచ్చును గాని మీకు తగినది కాదు.

ఈ సబ్‌నెట్టింగు అనగనే బెదరువారు చాలమంది కలరు. నిజమునకు మన యమ్మమ్మలకిది పరాయిది కాదు. మానికలో సగము తవ్వ, తవ్వలో సగము సోల, సోలలో సగము అరసోల, అరసోలలో సగము గిద్దె. అన్నియు సగము, సగములో సగము. నెట్‌వర్కు చిరునామాలును ఇట్లే కొలువబడును. 256 చిరునామాల కుప్ప ఒకటి యున్నదనుకొనుడు. సగము చేసిన 128, మరల సగము 64, మరల 32, తరువాత 16. ఉదాహరణమునకు 192.168.10.0 మొదలు 192.168.10.255 వరకు గల కుప్పను నాలుగు సమభాగములు చేసినచో ఒక్కొక్క భాగమున 64 చిరునామాలుండును. ప్రతి భాగమున మొదటిది ఆ భాగమునకే పేరుగా, చివరిది అందలి వారినందరిని ఒక్కమారు పిలుచుటకు ప్రత్యేకింపబడును గాన యంత్రములకు మిగులునవి 62. మరి 192.168.10.77 ఏ భాగమున నుండును? మొదటి భాగము 0 నుండి 63 వరకు. రెండవది 64 నుండి 127 వరకు. కనుక రెండవ దానిలో.

మన పట్టణమున ఇంటినెంబరులను గీతలతో విడదీసి వ్రాయుట అందరెరిగినదే. ముందు అంకెలను బట్టి పేటను, చివరి అంకెను బట్టి ఇంటిని తపాలావాడు గుర్తించును. చిరునామాలో పేట ఎంతవరకు, ఇల్లు ఎచ్చటినుండి యని చెప్పునదే సబ్‌నెట్ మాస్కు. ఇంత తేటగా గాకున్నను ఈ పాటి దారి చూపి, పిమ్మట ఇరువది లెక్కలైనను చేయించని పుస్తకమును నేను కొనను.

పాత పుస్తకముల సంగతి. సగము వెలకు వచ్చును గనుక ఆశ పుట్టుట సహజము. అట్టపై 200-125 అని యున్నచో అది 2020 ఫిబ్రవరితో కాలము చెల్లిన పరీక్షకు వ్రాసినది. 200-301 అని యున్నంతమాత్రమునను నమ్మరాదు, 1.1 మార్పులు చేరినవో లేదో చూడవలెను. గుర్తుపట్టుట కష్టము కాదు. ఆటోమేషన్ భాగమున పప్పెట్, షెఫ్ అను పేర్లు కనబడి, టెర్రాఫార్మ్ అను పేరు కనబడనిచో అది 2024కు ముందరిది. ఐనను చిరునామాల లెక్క నాడును నేడును ఒకటే. బంధువులెవరైన పాత సంపుటము ఉచితముగ నిచ్చినచో కాదనక, లెక్కలకు మాత్రము వాడుకొని, తక్కినదానికి క్రొత్త కూర్పునే నమ్ముకొనుడు.

ఇక చేతిపని. పూర్వము ఈ పరీక్షకు చదువువారు పాత రౌటర్లు, స్విచ్చిలు కొని ఇంటిలో పేర్చుకొనెడివారు. వాని రొద, వేడి, కరెంటు ఖర్చు చెప్పనలవి గాదు. చంటిపిల్లలున్న యింట వాని తీగలు వేరొక ప్రమాదము. ఆ యవసరము లేదు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీవారు పేకెట్ ట్రేసర్ అను సాధనమును ఉచితముగ నిచ్చుచున్నారు. పేరు నమోదు చేసికొన్న చాలును. సాధారణమైన ల్యాప్‌టాపుపై నడచును. తెరమీద రౌటర్లను, స్విచ్చిలను బొమ్మలవలె పేర్చి, తీగలు కలిపి, నిజమైన యంత్రమునకు వలెనే ఆజ్ఞలు వ్రాయవచ్చును. తప్పుచేసినచో కాలిపోవునది లేదు, ఎవరును కసరుకొనరు. చెరిపి మరల చేయవచ్చును. పదివేలు పెట్టి కొనిన వస్తువుకంటె ఈ ఉచితవస్తువు మేలైనదని నా యభిప్రాయము.

దీని రుచి తెలియుటకు ఒక ప్రయోగము చెప్పెదను. మూడు స్విచ్చిలను తెరపై నుంచి, త్రికోణముగ తీగలతో కలుపుడు. కొంతసేపటికి తీగల కొనలన్నియు పచ్చబడును. ఒక్కకొన మాత్రము నారింజ రంగుననే యుండిపోవును. చెడిపోయినదేమో యని భయపడవలదు. అది కావలెనని మూయబడిన ద్వారము. స్విచ్చి తనకు గమ్యము తెలియని సందేశమును వచ్చిన ద్వారము తప్ప తక్కిన యన్ని ద్వారములగుండ పంపును. మూడును వలయముగ నున్నచో ఆ సందేశము, వీధిలో పుట్టిన పుకారు వలె, తిరిగి తిరిగి పెరిగి, చివరకు నెట్‌వర్కునకే ఊపిరాడకుండ చేయును. ఈ యాపదను తప్పించు ఉపాయమును 1985లో కనిపెట్టినది రేడియా పెర్ల్‌మన్ అను అమెరికా మహిళ. అప్పుడామె డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేయుచుండెను. దీనికి స్పానింగ్ ట్రీ యని పేరు. వలయమును చెట్టుగా మార్చి, మిగులు దారిని మూసి యుంచి, తెరచియున్న దారి తెగినప్పుడు మూసినదానిని తెరచుట ఇందలి కిటుకు. మీ త్రికోణమున పచ్చగా నున్న తీగనొకదానిని తీసివేసి చూడుడు. నిమిషము లోపల ఆ నారింజ చుక్క పచ్చబడును. ఈ చుక్క రంగు మారుట కన్నులార చూచినవారికి ఆ యధ్యాయము జన్మలో మరపురాదు. పది పుటలు బట్టీపట్టినవారు పదిదినములకు మరతురు.

పెర్ల్‌మన్ గారు వ్రాసిన ‘ఇంటర్‌కనెక్షన్స్’ అను గ్రంథమున్నది. లోతైనది, పేరుగన్నది. కాని ఇది పరీక్ష పుస్తకము కాదు. పరీక్షయైన పిమ్మట తీరికగా చదువుకొనుటకు దాచియుంచుకొనవలసినది. మంచి గ్రంథమునకును, పరీక్షకు తగిన గ్రంథమునకును గల భేదము తెలియక పండితుల సలహాపై పెద్దగ్రంథములు కొని దిగులుపడిన విద్యార్థినులు లేకపోలేదు.

వీడియో పాఠములు నేడు కొల్లలు. ఉచితముగ లభించువానిలో ‘జెరమీస్ ఐటీ ల్యాబ్’ అనునది సి.సి.ఎన్.ఏ. పాఠ్యభాగమును వరుసగా, పేకెట్ ట్రేసర్ అభ్యాసములతో సహా బోధించుచున్నది. దీనిని చూచిన పిమ్మట డబ్బిచ్చి వేరొక వీడియో వరుసను కొనవలసిన యగత్యము చాలమందికి ఉండదు. ఆంగ్లము వేగముగ తోచినచో మొదట తెలుగున చెప్పువారి పాఠము విని భావము పట్టుకొనుటలో తప్పులేదు. కాని పరీక్ష తెలుగులో లేదు. కనుక సాంకేతిక పదములను ఆంగ్లముననే కంటికి, చేతికి అలవాటు చేసికొనవలెను. ఇంకొక మాట. పప్పు ఉడుకుచుండగా ప్రక్కన ఫోనులో పాఠము మ్రోగుచుండుట చదువు క్రిందికి రాదు. పప్పును చెడును, పాఠమును చెడును.

కోచింగు సంస్థల మాట అడుగువారుందురు. ద్వారకానగరు వైపు పోయినచో బల్లలకు కొదవలేదు. నేను ఎవరిని మెచ్చను, ఎవరిని నిందింపను. డబ్బు కట్టుటకు ముందు మూడు సంగతులు మాత్రము అడుగుడు. పాఠము 1.1 పట్టిక ప్రకారమేనా? ప్రతి విద్యార్థినియు స్వయముగ యంత్రముపై గాని, పేకెట్ ట్రేసర్‌పై గాని ఎన్ని గంటలు పనిచేయును? ఇచ్చు కాగితములు వారు వ్రాసినవా, లేక ‘పరీక్షలో వచ్చిన ప్రశ్నలే’ అని చెప్పి యిచ్చునవా? మూడవదానికి వచ్చు జవాబును జాగ్రత్తగా వినవలెను.

ఏలయన అదే డంపులు అను విషపు సరకు. పరీక్షకు పోయివచ్చినవారి జ్ఞాపకమునుండియు, దొంగతనమునను సేకరించిన ప్రశ్నలను జవాబులతో కూర్చి అమ్ముదురు. ‘అందరును ఇవే చదువుచున్నారమ్మా, మీరొక్కరే కష్టపడనేల?’ అని తీయగా చెప్పుదురు. పరీక్షకు కూర్చుండువారు ప్రశ్నలను బయటపెట్టమని ఒడంబడిక నంగీకరించియే కూర్చుందురు. దానిని తప్పిన వ్యవహారము బయటపడినచో యోగ్యతాపత్రమును రద్దుచేయుటకు, మరల పరీక్షకు రానీయకుండుటకు సంస్థవారికి అధికారము కలదు. న్యాయము మాట అటుంచుడు, లాభమైనను లేదు. పరీక్షలో చేతితో అమర్చి చూపవలసిన ప్రశ్నలుండును. అచ్చట కంఠస్థము పనికిరాదు. డంపులలో తప్పు జవాబులును మెండు. తప్పని తెలిసికొనుటకు కావలసిన జ్ఞానమే యున్నచో డంపు అక్కరయే లేదు. అన్నింటిని మించి, పిల్లల చదువు తరువాత ఐదారేండ్లకు ఉద్యోగమునకు పోవు స్త్రీని అడుగువారు మామూలుకంటె రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుదురు. ఇది న్యాయము కాదు, కాని లోకము అట్లున్నది. ఆమె చేతిలోని పత్రము వెనుక విద్య లేదని ఒక్కమారు బయటపడినచో అటుపై ఆమె మాట వినువారుండరు.

న్యాయమైన అభ్యాసపరీక్షలు వేరు. బోసన్ అను సంస్థవారి ఎక్స్‌సిమ్ అనునది ఇట్టివానిలో పేరుపొందినది. ఓడమ్ గ్రంథముతోను అభ్యాసప్రశ్నలు వచ్చును. ఎంచుకొనుటకు గుర్తొకటే: ఒప్పు జవాబు ఎందుకు ఒప్పో చెప్పుటయే కాక, తక్కిన మూడును ఎందుకు తప్పో చెప్పవలెను. అట్లు చెప్పనిది ఎన్ని వందల ప్రశ్నలు గలదైనను దండుగ. వీనిని ఆరంభమున ముట్టరాదు. మూడువంతులు చదువు ముగిసిన పిమ్మట, గడియారము ముందుంచుకొని, వెనుకకు మరలరాదను నియమముతో వ్రాయవలెను. అదే ప్రశ్నపత్రమును మూడుసార్లు వ్రాసి నూటికి తొంబదియైదు వచ్చెనని సంతసించుట తన్నుతాను మోసగించుకొనుటయే. వచ్చినది జ్ఞాపకము, విద్య కాదు.

ఉక్కునగరములో కాపురమున్న గృహిణి యొకతె కలదనుకొందము. పెండ్లికి ముందు బి.ఎస్సీ. చదివినది. భర్త షిఫ్టులకు పోవును. బిడ్డ బడికి పోవును. అత్తగారు మధ్యాహ్నము నిద్రించు గంటన్నర ఆమె సొంతము. వారమునకు ఆరు దినములు చదివినను 9 గంటలు. 20 వారములకు 180 గంటలు. ఇట్టి యామెకు నేనైనచో సగము కాలము పేకెట్ ట్రేసర్‌కు, సగము పుస్తకమునకు పంచి యిత్తును. వీడియోను పుస్తకమున అర్థముకాని చోట్లకే వాడుమందును. ఖర్చు మాట యడిగినయెడల ఆమె అత్తగారికి లెక్క తేటగా చెప్పగలదు: పట్టిక ఉచితము, అభ్యాససాధనము ఉచితము, వీడియో ఉచితము, కొనవలసినది రెండు సంపుటములును, చివర ఒక అభ్యాసపరీక్షయు. తక్కినదంతయు పరీక్ష రుసుము. 300 డాలర్లు, దానిపై పన్ను. ఆ రుసుమును మాత్రము మొదటనే కట్టరాదు. ‘డబ్బు కట్టినచో భయముతో చదువుదుము’ అను మగపిల్లల పద్ధతి ఇంటిపని గల స్త్రీకి కుదరదు. బిడ్డకు జ్వరము వచ్చిన వారము చదువు సాగదు గదా. గోడమీది పట్టికలో ఎఱ్ఱగీత గీసిన ప్రతి వాక్యమునకును ఎదుట, పుస్తకము చూడక చేయగలిగిన దినమున తేదీ వేసికొనవలెను. తేదీ లేని గీతలు ముగిసిన వారమున రుసుము కట్టవచ్చును.

యోగ్యతాపత్రము మూడు సంవత్సరములు చెల్లును. పిమ్మట మరల పరీక్ష వ్రాసియో, సిస్కో వారు నిర్ణయించిన తదుపరి శిక్షణలో 30 క్రెడిట్లు సంపాదించియో నిలుపుకొనవలెను. కావున సొంతచేత వ్రాసికొన్న నోటుపుస్తకమును అటుకమీదికి త్రోయక దగ్గరనే యుంచుకొనుట మంచిది.

పేరు నమోదు చేయునప్పుడు మన స్త్రీలు విశేషముగ చూచుకొనవలసిన సంగతి యొకటి మిగిలినది. పరీక్షా కేంద్రమున చూపు గుర్తింపుపత్రములోని పేరును, నమోదు చేసిన పేరును సరిపోలవలెను. లేనియెడల లోనికి రానీయకపోవచ్చును. మనలో అనేకులకు డిగ్రీ పత్రములో పుట్టినింటి యింటిపేరు, ఆధారు కార్డులో మెట్టినింటి యింటిపేరు, పాస్‌పోర్టులో మరియొక విధముగ నుండును; ఇంటిపేరు ఒకచోట ముందును, ఒకచోట వెనుకను, ఒకచోట పొడి అక్షరముగను వ్రాయబడి యుండును. ఏ పత్రము చేతబట్టుకొని పరీక్షకు పోదురో, అందులో నున్న పేరునే, అక్షరమక్షరము అట్లే నమోదు చేయుడు. మార్పు అవసరమైనచో రుసుము కట్టుటకు నెలదినములు ముందే చక్కబరచుకొనుడు.